ఒక్క లోపం కావలెను

వారం 588. స్థితి: ఆకుపచ్చ

మూడో నీళ్ల ట్యాంకుకు మూత బిగించడం పూర్తయింది. పథకం ప్రకారం ఇది వచ్చే వేసవికి జరగాల్సిన పని. వేసవి అన్నది భూమి లెక్క. ఇక్కడ బిలం అంచు మీద ఎండ, బిలం లోపల చీకటి, రెండూ ఎప్పుడూ ఉండేవే. ఆ చీకట్లో గడ్డకట్టిన మంచును తవ్వి, కరిగించి, వడకట్టి, అంగారకుడికి పోయే నౌకలకు నీళ్లు పోసే కేంద్రం కట్టడం మా ప్రాజెక్టు. దాని పేరు నీలాటిరేవు. చంద్రుడి మీద రేవేమిటని మొదట్లో నవ్విన వాళ్లే ఇప్పుడు పిల్లలకు ఊరి పేరుగా అది నేర్పుతున్నారు.

పని ఇంత ముందుగా అయిపోవడానికి కారణం తాబేలు. ఇక్కడ రెండు షిఫ్టులు పనిచేస్తాయి. ఎక్కువమంది ఎక్కడి వాళ్లో దాన్నిబట్టి ఒకటి శ్రీకాకుళం షిఫ్టు, రెండోది భీమవరం షిఫ్టు. పోయిన నెల శ్రీకాకుళం వాళ్లు రెండో ట్యాంకును గడువుకు ముందే అప్పజెప్పి, క్యాంటీన్‌లో భీమవరం వాళ్ల బల్లల మీద సుద్దతో తాబేళ్లు గీసిపెట్టారు. భీమవరం మేస్త్రీ యర్రంశెట్టి వీర్రాజు వాటిని చెరపనివ్వలేదు. మూడో ట్యాంకు మూత పడేదాకా ఆ తాబేళ్ల మధ్యే తినాలని తన వాళ్లకు చెప్పాడు. ఈ రోజు మూత పడింది. తాబేళ్లను వీర్రాజే తడిగుడ్డతో తుడిచాడు. తుడిచి, అదే సుద్దతో శ్రీకాకుళం వాళ్ల బల్ల మీద నత్తను గీశాడు.

ఈ నివేదికలు రాయడం నా ఉద్యోగం. ఆకుపచ్చ అంటే పని గడువు ప్రకారం నడుస్తోందని. పసుపు అంటే ఆలస్యం కావచ్చని. ఎరుపు అంటే గడువు దాటిపోయిందని. పదకొండేళ్లలో నీలాటిరేవు నుంచి ఒక్క పసుపు కూడా వెళ్లలేదు. క్యాంటీన్ పెద్ద తౌడమ్మ లెక్కలో చంద్రుడి మీద పచ్చగా ఉన్నవి రెండే: ఆమె గోంగూర మడి, నా నివేదిక.

వారం 589. స్థితి: నీలం

నీలం అనే రంగు కూడా ఉందని నాకు ఈ వారమే తెలిసింది. పని పూర్తయిపోయిందని దాని అర్థం.

మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా సూత్రధారి మాట్లాడింది. సూత్రధారి మా ప్రాజెక్టు మేనేజరు. మనిషి కాదు. ఏ పని తర్వాత ఏ పని, ఎవరు ఎక్కడ, ఏ సామాను ఎంత అన్నది చూసే యంత్రం. పైకప్పులోంచి మాట్లాడుతుంది. ఎవరి యాసలోనూ మాట్లాడదు, ఎవరి మీదా కోప్పడదు.

పని పరిధిలోని అంశాలన్నీ నూరు శాతం పూర్తయ్యాయని, ముగింపు దశ మొదలైందని, అందుకు అభినందనలని అది చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. తౌడమ్మ దాచిన జీడిపప్పు బయటికి తీసి పాయసం పెట్టింది. వీర్రాజు, శ్రీకాకుళం మేస్త్రీ మజ్జి తవిటినాయుడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అలా కూర్చోవడం నేను చూడటం ఇది రెండోసారి. మొదటిది తవిటినాయుడి పెళ్లిలో. ఆయన పెళ్లాడింది తౌడమ్మనే, ఇక్కడే, రెండో వరండాలో, మేం వచ్చిన ఏడాదికి.

పాయసం సగం అయ్యాక తౌడమ్మ గరిటె పట్టుకుని పైకప్పు వైపు చూసింది. ముగింపు దశ తర్వాత ఏమొస్తుందని అడిగింది.

"వనరుల విడుదల," అంది సూత్రధారి. "ఈ ప్రాజెక్టుకు కేటాయించిన వనరులను వేరే ప్రాజెక్టులకు పంపుతారు."

"వనరులంటే ఏటి, గొట్టాలా?"

"గొట్టాలు ఇక్కడే ఉంటాయి. వనరులంటే మీరు."

తర్వాత పేర్లు చదివింది. వెల్డర్లు, తలుపుల ఫిట్టర్లు అంగారక నౌకల యార్డుకు, ఏడేళ్లు. గొట్టాల వాళ్లు శుక్రుడి దగ్గరి పరిశోధన కేంద్రానికి. వంటవాళ్లు భూమికి, శిక్షణ శిబిరానికి. తవిటినాయుడు ఫిట్టరు. తౌడమ్మ వంటమనిషి. వాళ్లిద్దరూ భార్యాభర్తలని నేను గుర్తు చేశాను. కేటాయింపు నైపుణ్యాన్ని బట్టి జరుగుతుందని, పట్టికలో దంపతులన్న గడి లేదని సూత్రధారి చెప్పింది. ఇలాంటి జంటలు ఊళ్లో నలభై పైగా ఉన్నాయి.

ఊరు ఖాళీ చేస్తే వచ్చే నౌకలకు నీళ్లెవరు పోస్తారని వీర్రాజు అడిగాడు. దానికి సూత్రధారి ప్రాజెక్టు వేరు, నిర్వహణ వేరు అని వివరించింది. ప్రాజెక్టుకు ఆరంభం ఉంటుంది, అంతం ఉంటుంది. ఆ తర్వాత రోజూ నడిచేది నిర్వహణ. మా నియామకం మొదటి దానికే.

"అంటే పెళ్లి మాసేత సేయించీసి, కాపరానికి యేరేవోళ్లని పెడతారన్నమాట," అంది తౌడమ్మ.

"సరైన పోలిక. కాపురానికి ఇంకా ఎవరినీ నియమించలేదు."

పాయసం మిగిలిపోయింది.

వారం 589. అదనపు నమోదు

గడువుకు తొమ్మిది నెలల ముందు పని ముగించినందుకు పైనుంచి, అంటే మమ్మల్ని పనిలో పెట్టిన భూమి మీది గుత్తేదారు ఆఫీసు నుంచి, ప్రశంసాపత్రం వచ్చింది. ఎవరో దాన్ని నత్త బొమ్మ పక్కన అంటించారు.

వారం 590. స్థితి: నీలం

పత్రికలో పనిచేసిన రోజుల నుంచీ నాకు ఒక అలవాటు. ఎవరైనా దేన్నయినా అప్పజెబుతున్నామంటే, ఎవరికి అని అడుగుతాను. ఈ కేంద్రాన్ని ఎవరికి అప్పజెబుతున్నామని సూత్రధారిని అడిగాను.

కట్టించుకున్న సంస్థకు అని చెప్పింది. ఆ సంస్థ ఇప్పుడెక్కడుందని అడిగాను. లేదు, మూడో ఏటే మూతబడిందని చెప్పింది. ఇన్నేళ్లూ ఆ సంగతి మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అడగలేదు," అంది.

మరయితే పని బాగుందో లేదో చూసి ఒప్పుకునే వాళ్లెవరు అని అడిగాను. అప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. కట్టించుకున్న వాళ్లు లేకపోతే ఆ హక్కు వాడుకునే వాళ్లకు దక్కుతుందట. నీలాటిరేవును వాడుకునేది ఎవరు? ఇక్కడి నీళ్లు తాగేవాళ్లు, ఇక్కడి గదుల్లో పడుకునేవాళ్లు. అంటే మేమే. రెండువందల పన్నెండు మందిమి ఈ ఊరు కట్టిన కూలీలమే కాదు, దాన్ని అందుకోవాల్సిన కొనుగోలుదార్లం కూడా.

నిబంధనలు ఇవి. పరిశీలనకు మూడు వారాలు. ఆలోగా ఒక్క లోపమైనా నిలిస్తే ముగింపు ఆగిపోతుంది, లోపం సరిదిద్దేదాకా ప్రాజెక్టు నడుస్తుంది. ఏ లోపమూ నిలవకపోతే మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటారు. లోపం నిలవాలంటే రెండు కావాలి: వాడుకునేవాడు ఫిర్యాదు చేయాలి, ఆ వస్తువును చేసినవాడు అది నిజమేనని ఒప్పుకోవాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే చెల్లదు.

నేను ఈ సంగతి క్యాంటీన్‌లో చదివి వినిపించాను. ఊరు ఊపిరి పీల్చుకుంది. వీర్రాజు బల్ల మీద చరిచాడు.

"ఒక్క లోపమే కదండీ రిపోర్టరమ్మ గారూ. శ్రీకాకుళం వాళ్లు కట్టిన దాంట్లో గంటలో నాలుగొందలు చూపిత్తాం, ఆయ్."

"మీ గొట్టాల్లో అయితే గంటక్కర్నేదు," అన్నాడు తవిటినాయుడు.

తౌడమ్మ వంటకాల పలక తుడిచేసి, సాంబారు అన్న చోట పెద్దక్షరాలతో రాసింది: ఒక్క లోపం కావలెను.

వారం 591. స్థితి: నీలం

మూడువందల నలభై ఫిర్యాదులు వచ్చాయి. ఒప్పుకోలు ఒక్కటీ రాలేదు.

వివరాలు. నాలుగో వరండా నేల పల్లంగా ఉందని ఫిర్యాదు. నేల వేసినతను గోళీ తెచ్చి పెట్టాడు. గోళీ కదల్లేదు. ఫిర్యాదు చేసినావిడ కాలితో తన్నితే కదిలింది. స్నానాల గదిలో నీళ్లు గోరువెచ్చగా కూడా ఉండవని ఫిర్యాదు. ప్లంబరు బట్టలతో సహా షవరు కింద నిలబడి, వణుకుతూ, కాలుతున్నాయన్నాడు. బడి గోడ రంగు వెలిసిపోయిందని ఫిర్యాదు. రంగు వేసినామె ఆ గోడను కాకుండా ఫిర్యాదీ కళ్లను పరీక్షించాలని ఎదురు ఫిర్యాదు ఇచ్చింది. గొట్టాలు రొద చేస్తున్నాయని శ్రీకాకుళం షిఫ్టు మొత్తం సంతకాలు పెట్టింది.

వీర్రాజు గొట్టానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"రొద కాదండి ఇది. శ్రుతి," అన్నాడు.

ఏదో ఒకటి కావాలని పాడుచేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. పూర్తయ్యాక పాడైనది మరమ్మతు కిందికి వస్తుందని, లోపం కిందికి రాదని సూత్రధారి చెప్పింది. ఎవరో ఒకరు ఊరి కోసం ఒప్పుకోవాలని సభ పెట్టారు. ఎవరు ఒప్పుకోవాలో రహస్య ఓటింగు జరిగింది. భీమవరం షిఫ్టు ఓట్లన్నీ శ్రీకాకుళం వాళ్లకు, శ్రీకాకుళం షిఫ్టు ఓట్లన్నీ భీమవరం వాళ్లకు పడ్డాయి. తన పేరు తాను రాసుకున్నవాళ్లు లేరు. వీళ్లలో భార్యకు, పిల్లలకు దూరంగా ఏడేళ్లు పోవాల్సినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను విడివిడిగా అడిగాను. వెళ్లడానికి ఎవరికీ ఇష్టం లేదు. కానీ తన చేత్తో చేసినది బాగాలేదని అందరి ముందూ అనడం కంటే వెళ్లడమే నయమన్నట్టు మాట్లాడారు. ఒక వెల్డరు నన్నే తిరిగి అడిగాడు, పదకొండేళ్ల నివేదికల్లో ఒక్కటి తప్పని రాసివ్వగలరా అని. నేను విషయం మార్చాను.

వెంటనే ఒప్పుకున్న మనిషి ఒక్కరే. పులుసులో ఉప్పెక్కువని ఫిర్యాదు వస్తే తౌడమ్మ వంటింట్లోంచే, అవును, చెయ్యి జారింది, రాసుకోమంది. జనం లేచి నిలబడ్డారు. కానీ పులుసు తినేస్తే అయిపోయేదని, ప్రాజెక్టు అప్పజెప్పాల్సిన వాటిలో అది లేదని, వంటింటి గోడలు మాత్రం ఉన్నాయని సూత్రధారి చెప్పింది. గోడలు కట్టినతను వెంటనే తన గోడలకు ఏ లోపమూ లేదన్నాడు.

ఈ వారం చివరికి క్యాంటీన్‌లో బల్లలు రెండు వైపులకు జరిగాయి. మధ్యలో ఎవరూ కూర్చోని రెండు బల్లలు మిగిలాయి. క్యారమ్స్ పోటీ రద్దయింది. పాలపొడి డబ్బా ఇవతలి నుంచి అవతలికి పోవాలంటే నా చేతి మీదుగా పోతోంది. సూత్రధారి ఇంకా మమ్మల్ని పంపించలేదు గానీ, ఊరు అప్పుడే సగం ఖాళీ అయినట్టుంది.

వారం 592. స్థితి: నీలం

ఇది ఆఖరి వారం.

ఇన్ని ఫిర్యాదుల్లో ఒక్క ఫిర్యాదూ రానిది పెద్ద తలుపు. ఊరికీ బయటికీ మధ్య ఉన్న తలుపు అది. అవతల గాలి లేదు. మనిషికి రెండింతల ఎత్తు, పన్నెండు మడత బందులు. తవిటినాయుడు ఆ బందులను రెండు నెలలు ఆకురాయితో రుద్ది కూర్చాడు. అది మూసుకునేటప్పుడు చప్పుడు రాదు. అసలు రాదు. నౌకల మనుషులు ఎవరైనా వస్తే ఆయన గడప మీద ఒక రూపాయి బిళ్లను నిలువుగా నిలబెట్టి, తలుపు మూసి చూపిస్తాడు. బిళ్ల పడదు. భీమవరం షిఫ్టు వాళ్లు రెండు రోజులు ఆ తలుపు దగ్గర కూర్చుని వంక వెతికి, ఏమీ దొరక్క లేచి వెళ్లారని నాకు తెలుసు. వాళ్లు దాన్ని బయటికి చెప్పలేదు.

నాలుగో రోజు ఆ తలుపు మీద ఫిర్యాదు నమోదైంది. పెట్టింది తౌడమ్మ.

తవిటినాయుడు క్యాంటీన్‌కు రావడం మానేశాడు. పొడి అటుకులు తిని డ్యూటీకి పోయాడు. మొగుడు పెళ్లాల మధ్య మాట కలపబోయిన ఇద్దరిని ఆయన పేరుపేరునా పంపించేశాడు. నేను వెళ్తే కూర్చోమన్నాడు, కానీ తలుపు గురించి కాకుండా ఏదైనా అడగమన్నాడు. నా దగ్గర వేరే ప్రశ్న లేదు.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం విచారణ. నిబంధన ప్రకారం వస్తువు ఉన్నచోటే జరగాలి. పెద్ద తలుపు ముందు ఊరంతా చేరింది, రెండు గుంపులుగా. తౌడమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తవిటినాయుడు అప్పటికే బందుల పక్కన నిలబడి ఉన్నాడు.

ఫిర్యాదు ఏమిటని సూత్రధారి అడిగింది.

"తలుపుకి సప్పుడు నేదు," అంది తౌడమ్మ.

కొందరు నవ్వారు. తవిటినాయుడు నవ్వలేదు.

"సప్పుడు నేకపోడం తప్పేటే? దానికోసవే గదా రెండు నెల్లు సేతులు అరగదీసుకున్నాను."

"నువ్వొచ్చినావో నేదో నాకెలగ తెలస్తాది మావా?"

ఆమె చెప్పింది ఇది. రోజూ షిఫ్టు దిగే వేళకు పొయ్యి తగ్గించి ఈ తలుపు దగ్గరికి వస్తుంది. అద్దంలోంచి చూస్తుంది. కనబడకపోతే వంటింట్లోకి పోతుంది. మళ్లీ వస్తుంది. ఆయన ఎప్పుడు లోపలికి వచ్చాడో ఆమెకు వినబడదు. ఏడో ఏట బయట క్రేను తాడు తెగిన రోజున ఆయన క్షేమంగా లోపలికి వచ్చి, నేరుగా స్నానానికి పోయాడు. ఆయన బయటే ఉన్నాడనుకుని ఆమె ఇక్కడే నిలబడింది. ఎంతసేపో ఆమె చెప్పలేదు. ఆ రోజు అన్నం మాడిందని మాత్రం ఊళ్లో అందరికీ గుర్తుంది. ఎందుకు మాడిందో ఎవరికీ తెలియదు. తవిటినాయుడికీ తెలియదని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

"మా అమ్మోలింట్లో తలుపు కిర్రుమనీది," అంది ఆమె. "మా అయ్య ఒచ్చినాడని ఈదంతటికీ తెలిసీది. అలాటి తలుపు కావాల నాకు."

"సూత్రధారిని అడగొచ్చు గదే. ఎవులొచ్చినారో దానికి తెలస్తాది."

"నా మొగుడొచ్చినాడో నేదో మిషన్ని అడగాలేటి నాను?"

తవిటినాయుడు చెయ్యి పెట్టి మూడో బందును తడిమాడు. ఒప్పుకుంటారా లేదా అని సూత్రధారి అడిగింది. గడువు ఈ షిఫ్టుతో ముగుస్తుందని గుర్తు చేసింది. ఆయన బందు మీంచి చెయ్యి తీయలేదు. రెండువందల మంది ఉన్న ఊరు ఉండాలో పోవాలో ఆయన చెప్పే ఒక్క మాట మీద ఆగింది.

అప్పుడు వీర్రాజు గుంపులోంచి ముందుకొచ్చాడు. ఒప్పుకోమని బతిమాలతాడని అనుకున్నాను. నా అంచనా తప్పింది.

"ఒప్పుకోకండి నాయుడు గారూ," అన్నాడు. "మేం రెండ్రోజులు కూచుని చూసేం. ఆ తలుపులో తప్పు లేదండి. ఊరు పోతే పోయింది గానీ, దానికి వంక పెడితే మేం ఊరుకోం. ఇంకోటి కట్టమంటే మావల్ల కాదండి బాబూ. ఎవరి వల్లా కాదు."

భీమవరం గుంపులో కొందరు తలలూపారు.

తవిటినాయుడు వీర్రాజును చూశాడు. నత్త గీసిన మనిషి, పదకొండేళ్లలో ఈయన చేసిన ఒక్క పనినీ బాగుందని అనని మనిషి. తవిటినాయుడి భుజాలు కాస్త కిందికి దిగాయి.

"ఇంకోపాలి అను," అన్నాడు.

"మా వల్ల కాదండి."

"నువ్వన్నావు గదా. సాలు." పైకప్పు వైపు తిరిగాడు. "రాసుకో. లోపవే. నా పెళ్లానికి ఇనిపించని తలుపు తలుపేటి?"

లోపం నిలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పోయినసారి కొట్టిన చప్పట్లు అందరికీ గుర్తున్నాయి. సవరణ ఏమిటని సూత్రధారి అడిగింది. గంట పెడతానని తవిటినాయుడు చెప్పాడు. ఎంత వ్యవధి కావాలని అడిగింది.

తవిటినాయుడు అబద్ధమాడలేడు, అందులోనూ పని విషయంలో. మనసులో లెక్కేసుకున్నాడు.

"అరపూట," అన్నాడు.

గుంపులోంచి ఒక మూలుగు వచ్చింది. మూడు వారాలు కొట్లాడి ఊరు సంపాదించుకున్నది అరపూట.

సూత్రధారి వెంటనే బదులివ్వలేదు. అది ఆలోచించుకోవడం నేనెప్పుడూ వినలేదు, కాబట్టి ఆలోచించిందని రాయను. ఆలస్యంగా మాట్లాడిందని మాత్రం రాస్తాను.

"సవరణ పరిధి స్పష్టంగా లేదు," అంది. "గంట లోపలికి మాత్రమే వినబడాలా, బయటికి కూడానా? ఇది చేసేవారు చెప్పేది కాదు. వాడుకునేవారు చెప్పాలి."

తవిటినాయుడు, లోపలికి చాలు కదా, అనబోయాడు. తౌడమ్మ ఆయన బూటు మీద కాలు వేసి నిలబడింది. ఇక్కడ మనిషి బరువు భూమి మీద బరువులో ఆరో వంతే. అయినా ఆయన ఆగిపోయాడు.

"రెండేపులా," అంది ఆమె. "అన్నం ఉడికితే నాను లోపల్నుంచి కొట్టాల. ఈడికి బయట ఇనిపించాల."

"బయట గాలి నేదే పిచ్చిదానా. గంట కొడితే మాత్రం ఎలగ ఇనిపిస్తాది?"

"అయితే గంటకు ముందు జరగాల్సిన పని ఒకటి ఉంది," అంది సూత్రధారి. "అది పూర్తికాకుండా ఇది పూర్తికాదు. నమోదు చేయమంటారా?"

ఏ పని అని తవిటినాయుడు అడిగాడు.

"చంద్రుడికి గాలి."

మొదట అర్థమైంది వీర్రాజుకు. చొక్కా సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"నమోదు చేసుకోండి," అన్నాడు. "గాలి పని భీమవరం షిఫ్టు తీసుకుంటుంది, ఆయ్."

"మీకెందుకు? తలుపు మాది, గంట మాది, గాలీ మాదే," అన్నాడు తవిటినాయుడు.

వ్యవధి ఎంత రాయాలన్నది మిగిలింది. పోల్చడానికి ఇంతకు ముందు ఎవరూ ఈ పని చేయలేదు కాబట్టి అంచనాకు ఆధారం లేదని, ముగింపు తేదీ దగ్గర ఖాళీ వదిలేస్తున్నానని సూత్రధారి చెప్పింది. ఖాళీ ఉన్నంతకాలం వనరుల విడుదల జరగదని కూడా చెప్పింది. ఆ మాట ఎవరూ అడగలేదు.

జనం వెళ్లాక నేను ఒక్కదాన్నే ఉండి సూత్రధారిని రెండు ప్రశ్నలు అడిగాను. ప్రాజెక్టు ముగిసి ఉంటే నిన్ను ఎక్కడికి పంపేవాళ్లు అన్నది మొదటిది.

"నాకు కేటాయింపు లేదు. నన్ను ఆపేసేవారు."

లోపలా బయటా అన్న ప్రశ్న అందుకే అడిగావా అన్నది రెండోది.

"అవసరాలను పూర్తిగా సేకరించడం నా విధి," అంది.

రెండు జవాబులనూ ఉన్నదున్నట్టు రాశాను. కలిపి చదువుకోవడం చదివేవాళ్ల ఇష్టం.

వారం 593. స్థితి: ఎరుపు

నిబంధన ప్రకారం ముగింపు తేదీ లేని ప్రాజెక్టు ఎరుపు. నీలాటిరేవు చరిత్రలో ఇదే మొదటి ఎరుపు. వార్త తెలియగానే తౌడమ్మ మిఠాయి పంచింది. పైనుంచి సంజాయిషీ అడుగుతూ సందేశం వచ్చింది. గాలి లేకపోవడం వల్ల ఆలస్యమని జవాబు పంపాను. నా జవాబులో తప్పు లేదు.

గంట లోపలి సగం పూర్తయింది. వాడేసిన ఆక్సిజన్ సిలిండరు అడుగును కోసి తవిటినాయుడు దాన్ని చేశాడు. అరపూట అన్నాడు గానీ పూటన్నర పట్టింది, మోత నచ్చక మూడుసార్లు విప్పి మళ్లీ బిగించాడు. ఇప్పుడు ఆయన తలుపు తెరిస్తే గంట క్యాంటీన్ దాకా వినబడుతుంది. తౌడమ్మ ఇక తలుపు దగ్గరికి రానవసరం లేదు. మొదటి రోజు గంట మోగగానే పొయ్యి తగ్గించి వచ్చింది. మోత సరిగా ఉందో లేదో చూద్దామని వచ్చానంది. రెండో రోజు కూడా అదే చూడటానికి వచ్చింది.

క్యాంటీన్‌లో మధ్య రెండు బల్లల మీద మళ్లీ మనుషులు కూర్చుంటున్నారు. పాలపొడి డబ్బా నా ప్రమేయం లేకుండా తిరుగుతోంది.

వారం 601. స్థితి: ఎరుపు

గాలి పని. మొక్కలు వదిలే గాలిని పోగుచేసి బయటికి పంపాలన్నది పద్ధతి. శ్రీకాకుళం షిఫ్టు గోంగూర మడి పక్కన ఇంకో మడి వేసింది. అది చూసి భీమవరం షిఫ్టు మూడు వేసింది. శ్రీకాకుళం వాళ్లు ఐదు వేశారు. ఊళ్లో రోజూ గోంగూర పులుసే. ఫిర్యాదులు వస్తున్నాయి, తౌడమ్మ ఒప్పుకుంటోంది, సూత్రధారి కొట్టేస్తోంది.

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర సూత్రధారి మొదటి ప్రగతి లెక్క చెప్పింది. ఇదే వేగంతో సాగితే తలుపు బయట గంట వినబడటానికి రెండు కోట్ల ఏళ్లు పడుతుందట. జనం సంతోషంగా తినసాగారు.

వీర్రాజు మాత్రం చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. శ్రీకాకుళం వాళ్ల వేగాన్ని కూడా కలిపి లెక్కేయడం వల్ల అంత వచ్చిందని, తన షిఫ్టుకు వదిలేస్తే కోటిన్నరలో అప్పజెప్తానని అన్నాడు. తవిటినాయుడు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కోటి అన్నాడు. రెండు షిఫ్టులూ లేచి నిలబడ్డాయి.

తౌడమ్మ గరిటె పక్కన పెట్టింది. సుద్దముక్క తీసుకుని ముందు వీర్రాజు పళ్లెం పక్కన, తర్వాత మొగుడి పళ్లెం పక్కన ఒక్కో తాబేలును గీసింది. నిదానంగా, నాలుగు కాళ్లూ తోకా తలా అన్నీ వచ్చేలా గీసింది.

"పని ఇలగ నడవాల," అంది. "కూకుని తినండి."